తాకకముందే ఎగిరే ఎలక్ట్రాన్లు: అధికావేశ అయాన్లు లోహాన్ని చేరినప్పుడు ఏం జరుగుతుంది?

క్లుప్తంగా: లోహం మీదికి అయాన్ వచ్చి పడినప్పుడు ఎలక్ట్రాన్లు బయటికి రావడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి అయాన్ వేగం. రెండోది, ఎలక్ట్రాన్లు ఊడిపోయినందువల్ల అందులో నిలవ ఉన్న శక్తి. ఎక్కువ ఎలక్ట్రాన్లు ఊడిన అయాన్, అంటే అధికావేశ అయాన్, ఎంత నెమ్మదిగా వచ్చినా పదులు, వందల సంఖ్యలో ఎలక్ట్రాన్లను బయటికి రప్పిస్తుంది. ఆ పని లోహాన్ని తాకకముందే మొదలవుతుంది.

టెస్టర్‌లో వెలుగు ఎక్కడిది?

భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల చెరువు మీద రాత్రిపూట ఏరియేటర్ ఆగిందంటే రైతుకు టెన్షన్ మొదలైనట్టే. వచ్చిన ఎలక్ట్రీషియన్ ముందు జేబులోంచి తీసేది లైన్ టెస్టర్. దాని పారదర్శకమైన పిడిలో చిన్న నియాన్ బల్బు, ఒక రెసిస్టెన్స్, ఒక స్ప్రింగ్ ఉంటాయి. ఫేజ్ తగిలితే బల్బులో నారింజ రంగు వెలుగు కనిపిస్తుంది. కాస్త పరీక్షగా చూస్తే అందులో రెండు సన్నని లోహపు కడ్డీలు కనబడతాయి. ఇంటి కరెంటు మీద రెండూ వెలుగుతున్నట్టే ఉంటాయి. సరిపడా వోల్టేజీ ఉన్న డీసీ సరఫరా ఇస్తే మాత్రం రుణధ్రువమైన కడ్డీ చుట్టూ మాత్రమే వెలుగు ఉంటుంది.

ఆ బల్బులో వేడెక్కే తీగ లేదు, బయటి నుంచి కాంతి పడాల్సిన అవసరమూ పెద్దగా లేదు. ఇంటర్ ఫిజిక్స్ పాఠంలో లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి తేవడానికి మూడు దారులు చెబుతారు: వేడి, బలమైన విద్యుత్ క్షేత్రం, కాంతి. టెస్టర్‌లో నడిచేది నాలుగో దారి. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న నియాన్ పరమాణువులు, అంటే నియాన్ అయాన్లు, రుణధ్రువం దగ్గరికి వచ్చి అక్కడి లోహం నుంచి కొత్త ఎలక్ట్రాన్లను బయటికి తెస్తాయి. ఆ ఎలక్ట్రాన్లు వాయువులో మరికొన్ని అయాన్లను పుట్టిస్తాయి. అవి మళ్లీ లోహం దగ్గరికి వస్తాయి. ఉత్తేజిత నియాన్ పరమాణువులూ, వాటి నుంచి వచ్చే కాంతీ ఇందులో పాలుపంచుకుంటాయి గానీ ప్రధాన పాత్ర అయాన్లదే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అయాన్ వచ్చి లోహాన్ని గట్టిగా గుద్దడం వల్ల ఎలక్ట్రాన్ ఎగిరి బయటపడిందని ఎవరైనా అనుకుంటారు. లెక్క వేస్తే అది కుదరదు. టెస్టర్ బల్బు వెలగడానికి సుమారు 60 నుంచి 90 వోల్టులు చాలు. దారిలో ఎక్కడా అడ్డు తగలకుండా ఆ 90 వోల్టులూ ఒక నియాన్ అయాన్‌కే దక్కాయనుకున్నా దాని వేగం సెకనుకు 30 కిలోమీటర్ల లోపే ఉంటుంది. బంగారం లాంటి లోహంలోని ఎలక్ట్రాన్‌ను నేరుగా ఢీకొట్టి బయటికి నెట్టాలంటే అయాన్‌కు సెకనుకు సుమారు 200 కిలోమీటర్ల వేగం కావాలి. కొరత ఒకటి రెండు పాళ్లు కాదు, ఆరేడు రెట్లు. అయినా బల్బు వెలుగుతూనే ఉంది. అంటే ఎలక్ట్రాన్‌ను బయటికి తెస్తున్నది వేగం కాదు.

వేగం ఒక దారి, నిలవ శక్తి మరో దారి

లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు బయటికి రావాలంటే కనీసం కొంత శక్తి ఖర్చు పెట్టాలి. దాన్ని పని ప్రమేయం అంటారు. టంగ్‌స్టన్‌కు అది దాదాపు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు, బంగారానికి 5.1. ఒక ఎలక్ట్రాన్ ఒక వోల్టు తేడాను దాటితే పొందే శక్తే ఎలక్ట్రాన్ వోల్టు.

పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికీ శక్తి కావాలి. హీలియంకు 24.6, నియాన్‌కు 21.6, ఆర్గాన్‌కు 15.8 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ ఖర్చు ఎక్కడికీ పోదు. అయాన్‌లో స్థితిజ శక్తిగా నిలవ ఉండి, ఎలక్ట్రాన్ తిరిగి చేరిన క్షణంలో విడుదలవుతుంది. లోహం దగ్గరికి వచ్చిన అయాన్‌లోకి లోహపు ఎలక్ట్రాన్ ఒకటి దూకితే, విడుదలైన శక్తి పక్కనే ఉన్న రెండో ఎలక్ట్రాన్‌కు అందుతుంది. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. దీన్ని ఓజే ప్రక్రియ అంటారు. రెండు ఎలక్ట్రాన్లూ లోహం నుంచే రావాలి కాబట్టి, విడుదలయ్యే శక్తి పని ప్రమేయానికి కనీసం రెండింతలు ఉండాలి. టంగ్‌స్టన్‌కు ఆ గీత 9 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంది. హీలియం, నియాన్ దాన్ని సులువుగా దాటుతాయి. 4.3 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే ఉన్న పొటాషియం అయాన్ దాటలేదు. నెమ్మదిగా వచ్చే పొటాషియం అయాన్లకు ఈ దారి మూసుకుపోయినట్టే.

1950లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హోమర్ హాగ్‌స్ట్రమ్ దీన్ని శుభ్రమైన టంగ్‌స్టన్ మీద జాగ్రత్తగా కొలిచారు. నెమ్మదిగా వచ్చే హీలియం అయాన్లు వంద పడితే సుమారు 29 ఎలక్ట్రాన్లు వచ్చాయి. నియాన్‌కు 21, ఆర్గాన్‌కు 9, క్రిప్టాన్‌కు 5 దాకా, జినాన్‌కు ఒకటి. బరువు చూస్తే జినాన్ హీలియంకు ముప్ఫై రెట్లకు పైమాటే. గుద్దడం వల్లే ఎలక్ట్రాన్లు వచ్చేటట్టయితే ఈ వరస ఇంత నికరంగా నిలవ శక్తి వెంట దిగదు. ఈ ఒక్క పట్టిక చాలు, వేగం వాదన పక్కకు పోవడానికి.

వేగం దారి లేదని కాదు. సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల వేగం అందుకున్నాక గతిజ ఉద్గారం, అంటే వేగం వల్లే ఎలక్ట్రాన్లు బయటికి రావడం, మొదలై, వేగం పెరిగేకొద్దీ ముందుకొస్తుంది. భారీ అయాన్లు ఆ హద్దుకు కాస్త కింద కూడా కొద్దిగా ఎలక్ట్రాన్లను రప్పిస్తాయి. రెండు దారులూ కలిసి పనిచేసే సందర్భాలే ఎక్కువ. పాఠకులకు గందరగోళం అక్కడే వస్తుంది, ఎందుకంటే రెండింటినీ కలిపి ‘ద్వితీయ ఎలక్ట్రాన్ ఉద్గారం’ అనే ఒకే పేరుతో పిలుస్తారు.

ఒకటి కాదు, పదిహేడు ఊడితే

ఇప్పటిదాకా చెప్పింది ఒక్క ఎలక్ట్రాన్ ఊడిన అయాన్ల సంగతి. అదే పరమాణువు నుంచి వరసగా ఊడదీస్తూ పోతే శక్తి కూడికల్లో పెరగదు, ఎగబాకుతుంది. ఆర్గాన్‌లో మొదటి ఎలక్ట్రాన్‌కు 15.8 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎనిమిది ఊడితే మొత్తం సుమారు 578. పదహారు ఊడితే 5,850 దాకా. మిగిలిన రెండు కేంద్రకానికి అతి దగ్గరగా ఉండేవి. వాటినీ తీసేస్తే లెక్క ఒక్కసారిగా 14,400కు చేరుతుంది. అంటే చివరి రెండు ఎలక్ట్రాన్ల వాటా ముందరి పదహారింటి మొత్తం కంటే ఎక్కువ. జినాన్‌లో 44 ఊడితే దాదాపు 51,000 ఎలక్ట్రాన్ వోల్టులు, మొత్తం 54 ఊడితే రెండు లక్షలకు పైన.

ఇలాంటి అయాన్లు సూర్యుడి కరోనాలో, అంటే దాని వెలుపలి వాతావరణంలో, సహజంగానే ఉన్నాయి. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లోని కరోనాగ్రాఫ్ పరిశీలించే ఆకుపచ్చ గీత, 530.3 నానోమీటర్లది, 13 ఎలక్ట్రాన్లు ఊడిన ఇనుము నుంచి వచ్చేదే. భూమి మీద మాత్రం వీటిని తయారు చేసుకోవాల్సిందే. అందుకు రెండు రకాల యంత్రాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో రిచర్డ్ గెల్లర్ అభివృద్ధి చేసిన ఈసీఆర్ (ఎలక్ట్రాన్ సైక్లోట్రాన్ రెజొనెన్స్) మూలం మైక్రోవేవ్‌లతో ప్లాస్మాను, అంటే అయాన్లూ ఎలక్ట్రాన్లూ కలిసిన వాయువును, వేడిచేసి అయాన్లను తీస్తుంది. 1980లలో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఈబీఐటీ (ఎలక్ట్రాన్ బీమ్ అయాన్ ట్రాప్), ఇరుకైన ఎలక్ట్రాన్ పుంజంలో అయాన్లను బంధించి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నే కొట్టేస్తుంది. ఈ రెండు యంత్రాలూ అందుబాటులోకి వచ్చాకే ఈ విషయం మీద పరిశోధన ఊపందుకుంది. అంతకుముందు ఉన్నదల్లా తక్కువ ఆవేశం గల అయాన్ల సమాచారమే.

ఉపరితలానికి పైనే మొదలయ్యే పని

పదిహేడు ఎలక్ట్రాన్లు ఊడిన ఆర్గాన్ అయాన్ బంగారం వైపు నెమ్మదిగా వస్తోందనుకుందాం. ముందుగా స్పందించేది లోహమే. అందులోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు అయాన్‌కు ఎదురుగా ఉపరితలం వైపు సర్దుకుంటాయి. దాని ఫలితం, లోహం లోపల అంతే దూరంలో అంతే పరిమాణమున్న రుణావేశం ఉన్నట్టుగా ఉంటుంది. ఈ ప్రతిబింబ ఆవేశం అయాన్‌ను తనవైపు లాగుతుంది. బంగారం దగ్గర ఈ అయాన్‌కు అలా కలిసొచ్చే శక్తి దాదాపు 90 ఎలక్ట్రాన్ వోల్టులని సిద్ధాంతపు అంచనా. కాబట్టి అయాన్‌ను ఎంత నెమ్మదిగా వదిలినా చివరికి సెకనుకు 20 కిలోమీటర్ల వేగం తప్పదు. అసలు వేగమే లేకుండా అయాన్‌ను లోహం మీద దించడం ప్రయోగశాలలో ఎవరికీ సాధ్యం కాదు.

తర్వాతి మెట్టును 1991లో జోకిమ్ బర్గ్‌డోర్ఫర్, పీటర్ లెర్నర్, ఫ్రెడ్ మేయర్ ఒక నమూనాగా చెప్పారు. లోహానికీ అయాన్‌కూ మధ్య ఎలక్ట్రాన్లు దాటలేని శక్తి అడ్డు ఒకటి ఉంటుంది. డెల్టా రైతుకు దీన్ని కాలువ గట్టుతో చెప్పడం తేలిక. కాలువలో నీరు చేను మట్టం కంటే ఎత్తునే ఉన్నా గట్టు నిలిచినంతసేపూ అటు కదలదు. గట్టు నీటిమట్టం కంటే కిందికి కోసుకుపోయి గండి పడిందంటే నీరంతా చేలోకి మళ్లుతుంది. ఇక్కడ నీటిమట్టం లోహపు ఫెర్మీ స్థాయి, అంటే లోహంలో ఎలక్ట్రాన్లు నిండి ఉన్న శక్తుల పై హద్దు. గట్టు మధ్యలోని శక్తి అడ్డు. అయాన్ దగ్గరయ్యేకొద్దీ దాని ఆకర్షణకు ఆ అడ్డు కుంగుతుంది. అడ్డు ఫెర్మీ స్థాయికి దిగిన దూరం దగ్గర ఎలక్ట్రాన్లు గుంపుగా అటు పారతాయి.

ఆ దూరం ఎంత? ఈ నమూనా ప్రకారం బంగారం ఎదుట ఆర్గాన్ 17+ అయాన్‌కు దాదాపు 1.7 నానోమీటర్లు. బంగారంలో పక్కపక్క పరమాణువుల కేంద్రాల మధ్య ఎడం 0.29 నానోమీటర్లు. అంటే దాదాపు ఆరు పరమాణువుల దూరంలో ఉండగానే బదిలీ మొదలవుతుంది. ఆవేశం పెరిగితే ఈ దూరం దాదాపు దాని వర్గమూలంతో పెరుగుతుంది. 54+ జినాన్‌కు 3 నానోమీటర్లకు చేరువ.

అటు పారిన ఎలక్ట్రాన్లు అయాన్ లోపలి గూళ్లలోకి చేరవు. లోహంలో వాటికి ఉన్న శక్తితో సరితూగే స్థాయిలు అయాన్‌లో చాలా పైన ఉంటాయి. ఆర్గాన్ 17+ విషయంలో అది 18వ కక్ష్య దగ్గర. ఫలితంగా పై కక్ష్యల్లో గుంపుగా ఎలక్ట్రాన్లు, లోపల మధ్య కక్ష్యలన్నీ ఖాళీ. దీనికి బోలు పరమాణువు అని పేరు. 1990లో జాన్-పియర్ బ్రియాండ్ బృందం గ్రెనోబుల్ ఈసీఆర్ నుంచి ఆర్గాన్ 17+ అయాన్లను వెండి మీదికి పంపి, వెలువడిన ఎక్స్-కిరణాల్లో దీని జాడ పట్టింది. ఆ తర్వాత పదేళ్లపాటు ఈ రంగంలో చర్చ అంతా బోలు పరమాణువు చుట్టే తిరిగింది.

ఈ స్థితి నిలకడైనది కాదు. పై కక్ష్యల్లోని ఒక ఎలక్ట్రాన్ కాస్త కిందికి జారితే, విడుదలైన శక్తితో పక్కది పరమాణువును వదిలి బయటికి పోతుంది. ఖాళీ అయిన చోటికి లోహం నుంచి ఇంకొకటి వస్తుంది. మళ్లీ జారుడు, మళ్లీ ఉద్గారం. ఈ లోగా అయాన్ ఉపరితలానికి ఇంకా దగ్గరవుతుంది కాబట్టి, ప్రతిబింబ ఆవేశం ప్రభావానికి కొన్ని స్థాయిలు పైకి నెట్టబడి వాటిలోని ఎలక్ట్రాన్లు నేరుగా బయటపడతాయి. ఇలా వచ్చేవాటిలో ఎక్కువ భాగం శక్తి తక్కువవే, ఇరవై ఎలక్ట్రాన్ వోల్టుల లోపు.

సమయం చాలని సమస్య

ఇక్కడ ఒక చిక్కు శాస్త్రవేత్తలనూ కొన్నేళ్లు తిప్పలు పెట్టింది. 1.7 నానోమీటర్ల దూరాన్ని సెకనుకు 20 కిలోమీటర్ల వేగంతో దాటడానికి పట్టేది సుమారు 80 ఫెమ్టోసెకన్లు. సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్కదాన్ని మళ్లీ వెయ్యి చేస్తే వచ్చేది ఒక ఫెమ్టోసెకను. 18వ కక్ష్య నుంచి మెట్టుమెట్టుగా కిందికి దిగి కేంద్రకం పక్కన ఉన్న ఖాళీని నింపాలంటే ఈ వ్యవధి ఏమాత్రం చాలదు. అయినా ఆ ఖాళీ నిండినప్పుడు మాత్రమే వచ్చే సుమారు 3,000 ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-కిరణాలు ప్రయోగాల్లో కనిపిస్తున్నాయి.

సమాధానం ఉపరితలం కింద దొరికింది. పైన ఏర్పడిన బోలు పరమాణువు లోహంలోకి దిగగానే దాని పెద్ద కక్ష్యల్లోని ఎలక్ట్రాన్లు చెదిరిపోతాయి. లోహంలో ఎలక్ట్రాన్ల సాంద్రత ఎక్కువ కాబట్టి అంత పెద్ద కక్ష్యలు అక్కడ మనలేవు. వాటి స్థానంలో లోహపు ఎలక్ట్రాన్లే అయాన్ చుట్టూ బిగుతుగా చేరి, చిన్న పరిమాణంలో రెండో బోలు పరమాణువు తయారవుతుంది. లోపలి గూళ్లు నిండేది ఎక్కువగా ఈ దశలోనే. అప్పుడు వచ్చే ఓజే ఎలక్ట్రాన్లకు వందలు, వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. కాబట్టి బయట పట్టుకున్న ఎలక్ట్రాన్ల శక్తిని చూస్తే రెండు అంకాలూ విడివిడిగా తెలుస్తాయి: నెమ్మదైన గుంపు ఎక్కువగా పైన పుట్టింది, వేగమైన కొద్దిపాటివి కింద పుట్టినవి.

వేగంతో వచ్చే తేడా దీన్నే బలపరుస్తుంది. అయాన్ నెమ్మదిస్తే ఎలక్ట్రాన్ల సంఖ్య తగ్గాలని సహజంగా అనిపిస్తుంది. ఇక్కడ పెరుగుతుంది. నెమ్మదిగా వస్తే ఉపరితలం పైన గడిపే సమయం ఎక్కువ, జారుడు–ఉద్గారం చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. వేగం పెంచుతూ పోతే సంఖ్య మొదట దాదాపు వేగపు వర్గమూలానికి విలోమంగా తగ్గి ఒక స్థిరమైన విలువ దగ్గర ఆగుతుంది. ఆ స్థిర భాగమే ఉపరితలం దగ్గరా, దాని కిందా పుట్టే వాటా. ఇంకా వేగం పెరిగాక గతిజ ఉద్గారం తోడై గ్రాఫ్ మళ్లీ పైకి లేస్తుంది.

ఒక్క అయాన్‌కు ఎన్ని? లెక్కపెట్టే పద్ధతి

కరెంటు కొలిచి సగటు తీయడం పాత పద్ధతి. అధికావేశ అయాన్లు సెకనుకు కొన్ని వేలే దొరికే రోజుల్లో ఆ కరెంటు కొలతకు అందేది కాదు. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో హాన్స్‌పీటర్ వింటర్, ఫ్రీడ్రిష్ ఆవుమైర్ బృందం వేరే దారి పట్టింది. ఒక అయాన్ వల్ల వచ్చిన ఎలక్ట్రాన్లన్నింటినీ సుమారు 25 కిలోవోల్టుల వోల్టేజీతో ఒక సెమీకండక్టర్ డిటెక్టర్ మీదికి లాగుతారు. అవన్నీ దాదాపు ఒకేసారి చేరతాయి కాబట్టి డిటెక్టర్ వాటిని విడివిడిగా చూడదు. ఒక ఎలక్ట్రాన్ వస్తే 25, నాలుగు వస్తే 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పల్స్ ఇస్తుంది. పల్స్ ఎత్తే లెక్క. కొన్ని ఎలక్ట్రాన్లు డిటెక్టర్ మీద నుంచి తిరిగి ఎగిరిపోయి శక్తిలో కొంతే వదలడం వల్ల పల్సుల గ్రాఫ్‌లో శిఖరాల ఎడమ వైపు తోకలు వస్తాయి. దాన్ని సరిచేసుకోవాలి. సంఖ్య వందల్లోకి పోతే శిఖరాలు కలిసిపోయి సగటు మాత్రమే దక్కుతుంది.

ఈ పద్ధతినే 1990ల మొదట్లో లివర్‌మోర్ ఈబీఐటీ దగ్గర వాడారు. 70కి పైగా ఎలక్ట్రాన్లు ఊడిన థోరియం అయాన్ శుభ్రమైన బంగారాన్ని నెమ్మదిగా చేరితే ఒక్కోదానికి రెండు వందలకు పైగా ఎలక్ట్రాన్లు వచ్చాయి. వంద హీలియం అయాన్లకు 29 వచ్చిన హాగ్‌స్ట్రమ్ లెక్క పక్కన దీన్ని పెట్టి చూడాలి. అంత పెద్ద సంఖ్యా, ఖాతా తెరిస్తే చిన్నదే. ఆ థోరియం అయాన్‌లో నిలవ ఉన్నది లక్షన్నర ఎలక్ట్రాన్ వోల్టుల పైమాట. బంగారంలో రెండు పని ప్రమేయాల ఖర్చు 10 చొప్పున వేస్తే పదిహేను వేల ఎలక్ట్రాన్లు రావాలి. వచ్చినవి వందల్లోనే. మిగతా శక్తి కొంత ఎక్స్-కిరణాలుగా, కొంత వేగవంతమైన ఎలక్ట్రాన్లుగా బయటికి పోతుంది. పెద్ద వాటా లోహంలోనే ఇంకి వేడిగా మారుతుంది.

కొలత నమ్మదగినది కావాలంటే ఉపరితలం శుభ్రంగా ఉండటం ముఖ్యం. వాతావరణ పీడనంలో దాదాపు వంద కోట్లవ వంతున్న శూన్యంలో కూడా లోహం మీద వాయు పరమాణువుల ఒక పొర ఏర్పడటానికి సుమారు ఒక సెకను చాలు. కోనసీమ గాలిలో లోహపు రేకు సంగతి చెప్పేదేముంది. అందుకే ప్రయోగాలు దానికి మరో పదివేల రెట్లు మెరుగైన శూన్యంలో, ఆర్గాన్ అయాన్లతో లోహాన్ని ముందుగా చెక్కి శుభ్రం చేశాక చేస్తారు. వేర్వేరు బృందాల పాత విలువలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి తరచూ ఈ పొరే కారణం.

లోహం కాకపోతే

లిథియం ఫ్లోరైడ్ లాంటి విద్యుత్ బంధకం మీద ఇదే అయాన్ పడితే కథ వేరు. లోహంలో ఖాళీ అయిన చోటును స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు వెంటనే నింపేస్తాయి, పదార్థానికి నష్టం అంతగా ఉండదు. బంధకంలో అవి అంత త్వరగా రాలేవు. శక్తి ఒకేచోట చిక్కుకుని పరమాణువులనే ఊడగొడుతుంది. 1990లలో వియన్నాలోనే కొలిచిన ఈ ప్రక్రియకు స్థితిజ స్పటరింగ్ అని పేరు. కాల్షియం ఫ్లోరైడ్ మీద ఒక్కో అయాన్ పడిన చోట నానో పరిమాణపు గుట్ట మిగలడం కూడా చూశారు.

ఎవరికి అవసరం?

సెమీకండక్టర్ చిప్‌ల తయారీలో సిలికాన్‌లోకి ఎన్ని అయాన్లు పంపారో కరెంటును బట్టి లెక్కిస్తారు. ధనావేశ అయాన్ ఒకటి లోపలికి వచ్చి, రెండు ఎలక్ట్రాన్లు బయటికి పోతే మీటర్ మూడు చూపిస్తుంది. డోసు మూడింతలు పడిందని నమ్మితే చిప్ పాడైనట్టే. అందుకే కరెంటు కొలిచే ఫారడే కప్పు ముందు రుణ వోల్టేజీ ఉన్న వలయం పెట్టి ఎలక్ట్రాన్లను వెనక్కి తోస్తారు. అధికావేశ అయాన్ల పుంజాలకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

కేంద్రక కలయిక (ఫ్యూజన్) రియాక్టర్లలో ప్లాస్మాకూ గోడకూ మధ్య ఏర్పడే పలుచని పొరలోని వోల్టేజీ, గోడ నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తున్నాయన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆ వోల్టేజీయే అయాన్లు గోడను ఎంత శక్తితో చేరతాయో, గోడ ఎంత అరుగుతుందో తేలుస్తుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ కలయిక రియాక్టర్ లోపలి గోడకు బెరీలియం బదులు టంగ్‌స్టన్ వాడాలని 2023లో ప్రతిపాదన వచ్చింది కాబట్టి ఈ లోహం మీద కొలతలు అక్కడా పనికొస్తాయి. సౌరగాలిలోని, అంటే సూర్యుడి నుంచి వెలువడే కణాల ప్రవాహంలోని, ఆక్సిజన్ 6+, 7+ అయాన్లు చంద్రుడి దుమ్ము మీద పడుతుంటాయి. అక్కడ వేగమూ సెకనుకు 400 కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి రెండు దారులూ కలిసే పనిచేస్తాయి.

మన దేశంలో ఈసీఆర్ అయాన్ మూలాలు ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో, కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్‌లో, న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఉన్నాయి. వీటిలో ఢిల్లీ కేంద్రం విశ్వవిద్యాలయాల కోసమే ఏర్పాటైనది. రాజమహేంద్రవరం, కాకినాడ, విశాఖపట్నం విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ ముగించి పరిశోధనలో చేరినవాళ్లు గైడ్ ద్వారా ప్రయోగ ప్రతిపాదన పంపి అక్కడ బీమ్ టైమ్, అంటే అయాన్ పుంజాన్ని వాడుకునే సమయం, అడగవచ్చు.